అందరూ పాడే సాయంత్రం

ఇంట్లో నలుగురం చేరి పాటలు పాడుకుందామనుకుంటే ముందుగా ఏం చేస్తాం? బాగా పాడేవారెవరా అని వెతుకుతాం, మైకు ఎవరింట ఉందో కనుక్కుంటాం. సిద్దిపేటలో అలాంటి కూడికకు ఒకసారి వెళ్ళాను. కీబోర్డు, మైకు, రెండు పెద్ద సౌండు బాక్సులు పెట్టారు. ముగ్గురు యువతీయువకులు చక్కగానే పాడారు. తక్కిన ఇరవై మందిమి చేతులు కట్టుకొని కూర్చున్నాం. నా పక్కనున్న అవ్వ మొదటి పాటకు పెదవులు కదిపింది. మూడో పాటకల్లా కొంగు సర్దుకొని గోడకు ఆనుకుంది.

బతుకమ్మ పండుగనాడు అదే ఊళ్ళో కోమటి చెరువు దగ్గర చూడండి. ఒకామె పాట ఎత్తుకుంటుంది. చుట్టూ తిరిగేవారు చప్పట్లు కొడుతూ అందుకుంటారు. చరణం రానివారికి కూడా ‘ఉయ్యాలో’ అనే మాట ఉంది, దాని దగ్గర గొంతు కలపవచ్చు. మొత్తం పాట వచ్చినవారు ఒక్కరుంటే చాలు. కొమురవెల్లి మల్లన్న కథ చెప్పే ఒగ్గువారికీ వంత పాడేవారుంటారు. ఈ పద్ధతి మన నేలలోనే ఉంది. దివ్యార్చనపై రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన పత్రం కూడా భక్తి కూడికల్లో విశ్వాసుల గొంతు వినిపించాలని, ప్రజల సొంత సంగీత సంప్రదాయాలను గౌరవించాలని చెప్పింది.

కాబట్టి పల్లవి చిన్నదిగా ఉన్న పాటలు ఎంచుకోండి. ఒకరు చరణం పాడితే అందరూ పల్లవి అందుకోవాలి. పాటల పుస్తకం చేతిలో ఉంటే తలలు వంగిపోతాయి, గొంతు నేలను తాకుతుంది.

ఎక్కువగా చెడేది శ్రుతి దగ్గరే. హార్మోనియం వాయించేవారు తమ గొంతుకు తగిన శ్రుతి పట్టుకుంటారు. పల్లవి కింద ఉంటుంది గనుక అందరికీ తేలికగానే అనిపిస్తుంది. చరణం పైకి ఎక్కగానే సగం మంది ఆగిపోతారు. తమకు పాడటం రాదనుకుంటారు పాపం! మొదలుపెట్టకముందే పాటలో అన్నిటికంటే పైకి వెళ్ళే చోటును మెల్లగా పాడి చూడండి. మెడ నరాలు బిగుస్తున్నాయంటే శ్రుతి దించండి. తాళాలు ఉత్సాహం ఎక్కువున్న పిల్లవాడికి కాక, నిదానం ఉన్నవారికి ఇవ్వండి. లేకుంటే పాట పరుగందుకుంటుంది. ఇరవై మందికి మైకు అక్కరలేదు. చాపలు పరచి గుండ్రంగా కూర్చుంటే ఒకరి ముఖం ఒకరికి కనబడుతుంది. డోలక్ ఉంటే మూలన ఉంచండి. స్లాబు ఇంట్లో అది అందరినీ మింగేస్తుంది.

“ఒక పాట పాడండి” అంటే సిగ్గుపడేవారు, “ఏ పాట పాడుకుందాం?” అంటే మాత్రం చెబుతారు. తర్వాతి నెలలో అదే ఇంట్లో మైకు లేకుండా కూర్చున్నప్పుడు అవ్వను అలాగే అడిగాం. పేరు చెప్పబోయి తానే ఎత్తుకుంది. చరణాలు మాలో ఎవరికీ రావు. రెండోసారికి పల్లవి అందరికీ పట్టుబడింది. మధ్యలో ఆమె ఒక మాట మరిచి వేరే మాట వేసింది. ఎవరూ దిద్దలేదు, దిద్దకూడదు కూడా. ఒకరు సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీయబోతే ఇంటివారు వద్దని సైగ చేశారు. మంచి పని చేశారు.

పిల్లలకు నిద్ర రాకముందే ముగించండి, గంటన్నర చాలు. చాయ్ తాగుతుండగా ఎవరో మళ్ళీ కూనిరాగం తీస్తారు. వారిని ఆపకండి.