ఆగిన సీజన్లో జట్టు నడిపినవాడి అనుభవ పాఠాలు

హిందూపురంలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఫాంటసీ క్రికెట్ ఆడే మా జట్టులో ఎనిమిదిమందిమి. హిందూపురంలో ముగ్గురం, పెనుకొండలో ఇద్దరు, ధర్మవరంలో ముగ్గురు. చింతపండు వ్యాపారి ఉన్నాడు, పట్టుచీరలు నేసే ఆయన ఉన్నాడు, ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోయే నా పాత శిష్యుడూ ఉన్నాడు. ఐపీఎల్‌కు ముందు ఒక ఆదివారం ధర్మవరంవాళ్ళు రైలెక్కుతారు, పెనుకొండవాళ్ళు దారిలో కలుస్తారు. మా అరుగు మీద చీట్లు వేసి తలకు పదిహేనుమంది ఆటగాళ్ళను పంచుకుంటాం. పరుగుకు ఒక పాయింటు, వికెట్‌కు 25, మనం కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి రెట్టింపు. అన్నీ ఎర్రట్ట పుస్తకంలో నేనే రాస్తాను. సీజన్ సాఫీగా సాగితే ఈ పని ఎవరైనా చేస్తారు. మధ్యలో ఆగిన రెండు సీజన్లలో నేను నేర్చుకున్నవే ఇక్కడ చెబుతున్నాను.

1. ఆట ఆగితే ఏం చేయాలో ఆట మొదలవకముందే రాసుకోవాలి.

మేం రాసుకోలేదు. 2021 మే 3న కోల్‌కతా బౌలర్లు ఇద్దరికి కోవిడ్ అని తేలింది. మర్నాటికి మొత్తం టోర్నీ ఆపేశారు. 60 మ్యాచ్‌లలో అప్పటికి అయినవి 29. ఆ మర్నాడే, మే 5న, మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. పట్టికలో పైనున్న చింతపండు వ్యాపారి "సార్, ఆడిన కాడికి లెక్క కట్టేయండి" అన్నాడు. కింద ఉన్నవాళ్ళు ఒప్పుకోలేదు. వారం రోజులు ఫోన్లలో వాదనలు. జనం ఆక్సిజన్ కోసం పరుగులు పెడుతున్న రోజుల్లో మేం పాయింట్ల కోసం మాట పెంచుకున్నాం. ఆ వారం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఈ ఫాంటసీ ఆట బాగా వ్యాపించింది బేస్‌బాల్‌తో. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో తమ బేస్‌బాల్ ఫాంటసీ ఆట మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే ఆటగాళ్ళ సమ్మె వచ్చి 713 మ్యాచ్‌లు పోయాయి. 2020లో కోవిడ్ వల్ల అక్కడి 162 మ్యాచ్‌ల సీజన్ 60కి కుదించుకుపోయింది. అంటే ఈ ఆటకు ఆటంకం బాల్యం నుంచీ తోడుంది. ఆ వారం వాదనల తర్వాత మా పుస్తకం మొదటి పేజీలో నాలుగు వాక్యాలు రాసుకున్నాం: ఆట ఆగితే పాయింట్లు అలాగే ఉంటాయి. మళ్ళీ మొదలైతే కలుపుతాం. మొదలవకపోతే ఆ ఏడు విజేత లేడు. తిరిగిరాని ఆటగాడి చోట కొత్తవాణ్ణి తీసుకోవచ్చు, మొదటి అవకాశం అట్టడుగున ఉన్నవాడిది.

2. నిన్నటి సెంచరీని చూసి కూర్చోవద్దు.

ఆ 2021 సీజన్లో బట్లర్ నా ఆటగాడు. ఆపేయడానికి రెండు రోజుల ముందు, మే 2న, హైదరాబాద్ మీద 64 బంతుల్లో 124 కొట్టాడు. నాలుగు నెలలు ఆ 124నే చూసుకుని మురిసిపోయాను. సెప్టెంబర్ 19న దుబాయ్‌లో ఆట మళ్ళీ మొదలయ్యేసరికి అతను లేడు. ఇంట్లో బిడ్డ పుట్టే సమయమని ఆగిపోయాడు. సంగతి ఆగస్టులోనే తెలిసినా నేను వెంటనే కదల్లేదు. నేను తేరుకునేసరికి మంచి బ్యాటర్లందరినీ మిగతావాళ్ళు ఎత్తుకుపోయారు.

3. పడినవాడి చోటు అలాగే ఉంచాలి.

ఇది ఆటగాళ్ళకూ వర్తిస్తుంది, మనుషులకూ వర్తిస్తుంది. కోవిడ్ వచ్చిన ఆ ఇద్దరిలో ఒకడు వరుణ్ చక్రవర్తి. అతన్ని పెట్టుకున్న పెనుకొండ మిత్రుడు "వీడింక కోలుకుని ఎప్పుడు వేస్తాడు సార్, మార్చుకుంటా" అని ఒకటే గొడవ. ఆగమన్నాను. సెప్టెంబర్ 20న బెంగళూరును 92కే కూల్చినప్పుడు వరుణ్‌కి 13 పరుగులకు 3 వికెట్లు.

మనుషుల సంగతి అంతకంటే పెద్దది. మా ధర్మవరం నేతన్నకు ఆ మే నెలలోనే జబ్బు చేసింది. అనంతపురం ఆస్పత్రి నుంచి ఒకసారి ఫోన్ చేశాడు. "సార్, నా టీముకు ఎవుర్నన్నా సూసుకోండి, నాకు మాట్లాడను కావడం లేదు" అన్నాడు. ఆ గొంతు విని పుస్తకం మూసేశాను. మిగిలిన ఏడుగురం ఒక్కమాట అనుకున్నాం: ఆయన పేజీ ఎవరూ ముట్టుకోకూడదు. ఏప్రిల్‌లో మొదటి మ్యాచ్‌లోనే వేలు విరిగి వెళ్ళిపోయిన స్టోక్స్ కూడా ఆయన జాబితాలో అలాగే ఉన్నాడు. ఆయన చోట ఇంకెవర్నో కూర్చోబెడితే, ఆయన ఇక రాడని మేమే చెప్పినట్టవుతుంది.

ఆయన వచ్చాడు. సెప్టెంబర్‌లో ధర్మవరం వెళ్ళి చూస్తే, సగమైన మనిషి మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు అతుకుతున్నాడు. వేళ్ళకు బూడిద అద్దుకోవడం, పాత పోగు కొస, కొత్త పోగు కొస కలిపి మెలిపెట్టడం, పక్క పోగుకు జరగడం. వేలకొద్దీ పోగులు. తలెత్తకుండానే మాట్లాడాడు. అట్టడుగున ఉన్నాడు కాబట్టి మొదటి అవకాశం ఆయనదే. ఎవర్ని తీసుకుంటావని అడిగితే, "ఒగటి రెండు ఆటలు సూడనీ సార్, కొత్తోళ్ళెవురన్నా దిగుతారేమో" అన్నాడు. మేమందరం పేరున్నవాళ్ళ కోసం ఎగబడ్డాం. ఆయన మాత్రం 20వ తేదీన కోల్‌కతా తరఫున మొదటిసారి దిగి 41 కొట్టి నాటౌట్‌గా నిలిచిన వెంకటేశ్ అయ్యర్‌ని రాయమన్నాడు. మూడు రోజులకే ముంబై మీద 53. మొత్తం పది మ్యాచ్‌లలో 370 పరుగులు. ఏడింట్లో రెండే గెలిచి ఆగిన కోల్‌కతా ఫైనల్ దాకా వెళ్ళింది. మా నేతన్న మూడో స్థానానికి వచ్చాడు. ఆ ఏడు చింతపండు వ్యాపారే నెగ్గాడు, కానీ ఆదివారం అందరూ మాట్లాడుకున్నది ఆ మూడో స్థానం గురించే.

4. డబ్బు పెట్టవద్దు.

ఇందులో చర్చ లేదు. మన రాష్ట్రం 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే చేసింది. చట్టం రాకముందే మా బంధువుల కుర్రాడొకడు చెల్లెలి పెళ్ళికి దాచిన సొమ్ము ఒక యాప్‌లో పోగొట్టుకోవడం కళ్ళారా చూశాను. మా దగ్గర ఓడినవాడు అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టిస్తాడు, అంతే.

5. మ్యాచ్ ముగిసేదాకా పెన్సిల్‌తోనే రాయాలి.

2025 మే 8 రాత్రి ధర్మశాలలో పంజాబ్, ఢిల్లీ ఆడుతున్నాయి. సరిహద్దులో ఉద్రిక్తత. 10.1 ఓవర్లకు పంజాబ్ 122 మీద ఉండగా లైట్లు ఆరిపోయాయి, జనాన్ని ఖాళీ చేయించారు. మర్నాడు టోర్నీని వారం ఆపారు. 34 బంతుల్లో 70 కొట్టిన ప్రియాంశ్ ఆర్య మా కియా కుర్రాడి కెప్టెన్. రెట్టింపు లెక్కన 140. ఆ మ్యాచ్‌ను మే 24న జైపూర్‌లో మొదటి బంతి నుంచీ మళ్ళీ ఆడించారు. అందులో ఆర్య తక్కువకే ఔటయ్యాడు.

నైట్ షిఫ్ట్ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు కుర్రాడు. మొదటి పేజీలోని నాలుగు వాక్యాల్లో ఈ చిక్కుకు జవాబు లేదు. "ఆడింది ఆడినట్టే కదా సార్, నేను కళ్ళతో చూసినా" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ లేని మ్యాచ్‌కు పాయింట్లు ఇస్తే మిగిలిన ఏడుగురికి నేనేం చెప్పాలి? అరగంట ఇద్దరం కాఫీ తాగుతూ కూర్చున్నాం. చివరికి వాడే పుస్తకం ముందుకు జరిపి, రబ్బరు తీసుకుని తుడిచాడు. అదే రోజు ఐదో వాక్యం రాశాం: మళ్ళీ ఆడిన మ్యాచ్‌దే లెక్క.

పెన్సిల్ గట్టిగా నొక్కి రాసే అలవాటు నాది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఆ పేజీలో 140 ఇప్పటికీ కనిపిస్తుంది.