శాస్త్రపు త్రాసులో కొత్త తలంపు

ఒక విద్యార్థి కొన్ని మాసాలు శ్రమించి వ్రాసుకొన్న నోటుపుస్తకాన్ని భౌతికశాస్త్ర ఉపాధ్యాయుని బల్లపై ఉంచి, "సార్, ఐన్‌స్టీన్ చెప్పినది సరికాదని నాకు తోచింది. నా సిద్ధాంతాన్ని ఒక్కసారి చూడండి" అని అడిగినాడనుకొందాం. ఉపాధ్యాయుడు నవ్వి పుస్తకాన్ని తిరిగి ఇచ్చివేస్తే ఆ పిల్లవాని జిజ్ఞాస అక్కడే అణగిపోవచ్చు. చదువకుండానే "భేష్" అని వెన్నుతట్టి పంపివేస్తే అతడు తప్పుదారిలో పదేళ్ళు నడవవచ్చు. ఈ రెండూ అన్యాయాలే. మరి న్యాయమైన సమాధానం ఏది? ఈ ప్రశ్నను విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఈ విషయంలో లోకంలో రెండు అభిప్రాయాలు ప్రబలంగా ఉన్నాయి. విజ్ఞానశాస్త్రం ఒక కోట వంటిదనీ, పెద్ద పట్టాలు గలవారు దాని ద్వారం వద్ద కాపలా ఉండి బయటివారిని రానీయరనీ కొందరంటారు. పట్టా లేనివాడు చెప్పినది వినదగినది కాదని మరికొందరంటారు. చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలలో ఏదీ నిలువదు.

ద్వారం తెరచుకొన్న సందర్భాలు

1905లో ఐన్‌స్టీన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాడు. స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో, పేటెంటు కార్యాలయంలో మూడవ తరగతి సాంకేతిక నిపుణుడు. వయస్సు 26 సంవత్సరాలు. అయినా ఆ సంవత్సరమే ఆయన వ్యాసాలను జర్మనీలోని ప్రముఖ భౌతికశాస్త్ర పత్రిక అచ్చువేసింది. మాక్స్ ప్లాంక్ వంటి పెద్దలు వాటి విలువను గుర్తించినారు. వ్యాసం ఏ గదిలో కూర్చుండి వ్రాసినారని ఎవరూ అడుగలేదు.

1924లో జరిగిన సంఘటన మనకు మరింత సన్నిహితమైనది. ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ ఆ సంవత్సరం జూన్ 4వ తేదీన ఐన్‌స్టీనుకు ఒక లేఖ వ్రాసి, దానితో ఒక చిన్న వ్యాసాన్ని జతపరచినారు. బోసుకు డాక్టరేటు లేదు. ఐన్‌స్టీనుతో ముఖపరిచయం లేదు. కాని ఆ వ్యాసంలో ప్లాంక్ సూత్రాన్ని సాధించే కొత్త పద్ధతి ఉన్నది. కాంతికణాలను ఒకదానినుండి మరొకదానిని వేరుచేసి గుర్తించలేమన్న భావన ఆ పద్ధతికి ప్రాణం. ఐన్‌స్టీన్ స్వయంగా దానిని జర్మన్ భాషలోనికి అనువదించి అచ్చువేయించినారు. ఆ ఆలోచన నుండి ఊహింపబడిన ద్రవ్యస్థితిని 1995లో అమెరికాలోని కొలరాడోలో రుబీడియం పరమాణువులతో ప్రయోగశాలలో సాధించినారు. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఈ ఇద్దరూ పదవిచేత బయటివారే గాని, విద్యచేత బయటివారు కారు. బోస్, మేఘనాథ్ సాహాలు సాపేక్ష సిద్ధాంత వ్యాసాలను జర్మన్ నుండి ఆంగ్లంలోనికి అనువదించగా 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం వాటిని ప్రకటించింది. పాతదానిని అక్షరమక్షరం చదివినవాడే దానిలోని వెలితిని చూడగలిగినాడు.

లోపలివారి పొరపాట్లు

పట్టా, పదవి ఉన్నంత మాత్రాన శాస్త్రం తల ఊపుతుందా? ఊపదు. ఫ్రాన్సు దేశంలో నాన్సీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్లాండ్లో పేరుపొందిన భౌతికశాస్త్రజ్ఞుడు. 1903లో ఆయన కొత్త కిరణాలను కనుగొన్నానని ప్రకటించి, తన నగరం పేరుమీదుగా వాటికి ఎన్-కిరణాలని పేరిడినారు. ఒక చిన్న విద్యుత్ స్ఫులింగం కాంతి కొద్దిగా హెచ్చడమే వాటికి సాక్ష్యం. ఆ హెచ్చును కంటితోనే గ్రహించాలి. ఫ్రాన్సులో మరికొందరు కూడా తామూ చూచినామన్నారు. ఇతర దేశాలలో అనేకులకు అది కనుపించలేదు. 1904లో రాబర్ట్ వుడ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు నాన్సీకి వెళ్ళి, చీకటి గదిలో ప్రయోగం జరుగుతుండగా పరికరం నుండి అల్యూమినియం పట్టకాన్ని ఎవరికీ తెలియకుండా తీసివేసినారు. పట్టకం లేకున్నా ప్రయోగం చేస్తున్నవారు మునుపటి కొలతలనే చెప్పుచూ వచ్చినారు! కిరణాలు గదిలో లేవు, చూచేవారి నమ్మకంలో ఉన్నాయి. బ్లాండ్లో అబద్ధమాడలేదు. తన కోరికచేత తానే మోసపోయినాడు. ఇది ఎంతటివానికైనా సంభవింపవచ్చు.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పాన్స్, ఫ్లీష్‌మన్ అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు పత్రికలవారిని పిలిచి, సూర్యునిలో జరిగేటటువంటి కేంద్రక సంలయనాన్ని బల్లమీది గాజుపాత్రలో సాధించినామని చెప్పినారు. భారజలంలో పల్లాడియం కడ్డీనుంచి విద్యుత్తును ప్రవహింపజేయగా అధికోష్ణం వెలువడిందన్నారు. ప్రపంచం ఆశ్చర్యపోయింది. కాని ఒక చిన్న లెక్క అడ్డువచ్చింది. డ్యుటీరియం కేంద్రకాల సంలయనం వలన ఒక్క వాట్ ఉష్ణం పుట్టాలంటే సెకనుకు సుమారు లక్ష కోట్ల న్యూట్రాన్లు వెలువడాలి. అన్ని న్యూట్రాన్లు వెలువడితే ఆ పాత్ర ప్రక్కన నిలిచినవారు బ్రతికి ఉండరాదు. వారు క్షేమంగా ఉండడమే వారి సిద్ధాంతానికి ప్రతికూల సాక్ష్యమైనది! అనేక ప్రయోగశాలలు ఆ ప్రయోగాన్ని తిరిగిచేసి ఆ ఫలితాన్ని పొందలేకపోయినాయి.

శాస్త్రం ఆలస్యం చేసిన సందర్భాలు

ఇంతమాత్రాన శాస్త్రలోకం ఎన్నడూ తప్పు చేయలేదని చెప్పరాదు. ఆల్ఫ్రెడ్ వెగెనర్ వాతావరణ శాస్త్రజ్ఞుడు. ఖండాలు ఒకప్పుడు కలిసియుండి తరువాత దూరంగా జరిగినాయని ఆయన 1912లో ప్రతిపాదించగా భూగర్భశాస్త్రజ్ఞులలో అనేకులు నిరాకరించినారు. మన సింగరేణి బొగ్గు పొరలు చెందిన గోండ్వానా శిలల వంటివే ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను ఉన్నాయి. వాటిలోని వృక్షశిలాజాలు కూడా ఒకే జాతివి. సాక్ష్యం ఉన్నది. అయితే ఖండాలను కదిలించే శక్తిగా వెగెనర్ చూపినది చాలా బలహీనమైనదని లెక్కలు తేల్చినాయి. 1930లో ఆయన గ్రీన్‌లాండ్ మంచులో మరణించినారు. 1960-70 మధ్యకాలంలో సముద్రగర్భ శిలల అయస్కాంత రేఖలను పరిశీలించిన తరువాతనే ఖండచలనం సర్వామోదం పొందినది.

లాహోరులో జన్మించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అనుభవం మరింత చేదైనది. సూర్యుని ద్రవ్యరాశికి దాదాపు 1.4 రెట్లకు మించిన నక్షత్రం శ్వేతకుబ్జంగా స్థిరపడజాలదని ఆయన లెక్కకట్టినారు. 1935 జనవరి 11న లండనులోని ఖగోళశాస్త్ర సభలో ఆయన ప్రసంగం ముగియగానే, జగత్ప్రసిద్ధుడైన ఎడింగ్టన్ లేచి ఆ ఫలితాన్ని పరిహసించినారు. లెక్కలో దోషం చూపలేదు. ప్రకృతి అట్లు ప్రవర్తించదన్నారు, అంతే. చంద్రశేఖర్ కలహించక తన లెక్కలను గ్రంథస్థం చేసి ఇతర పరిశోధనలకు మరలినారు. 1983లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. ఎడింగ్టన్ ప్రతిష్ఠ ఆ లెక్కను ఆలస్యం చేయగలిగింది గాని, అబద్ధం చేయలేకపోయింది.

తూకపు రాళ్ళు

మర్వ్ నగరవాసియైన అల్ ఖాజినీ 12వ శతాబ్దంలో వ్రాసిన గ్రంథం పేరు 'మీజానుల్ హిక్మా'. జ్ఞానపు త్రాసు అని దానికి అర్థం. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు మీజాన్ అన్న మాట సుపరిచితమే. త్రాసు సరకును తూచునే గాని తెచ్చినవాని వంశాన్ని అడుగదు. కొత్త తలంపును తూచడానికి శాస్త్రం వాడే రాళ్ళలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది: పాత సిద్ధాంతం వివరించిన సంగతులన్నింటినీ కొత్తది కూడా వివరించాలి. ఐన్‌స్టీన్ సమీకరణాలు తక్కువ వేగాలకు, బలహీన గురుత్వానికి న్యూటన్ ఫలితాలనే ఇస్తాయి. పైగా బుధగ్రహ కక్ష్యలో శతాబ్దానికి 43 వికలల వింత జరుగుబాటును కూడా వివరించినాయి. సాపేక్ష సిద్ధాంతం తప్పనేవారు మరొక సంగతికి కూడా సమాధానం చెప్పాలి. స్థానాన్ని తెలిపే ఉపగ్రహాలలోని గడియారాలు భూమిమీది వాటికంటె రోజుకు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం దీనిని సవరించకుంటే, ఒక్క రోజులోనే పది కిలోమీటర్లకు మించిన దోషం పేరుకొంటుంది.

రెండవది: సంఖ్య చెప్పాలి. సూర్యుని ప్రక్కనుండి వచ్చే నక్షత్రకాంతి వంగుతుందని చెప్పి ఊరుకొంటే చాలదు. 1.75 వికలలు వంగుతుందని సిద్ధాంతం ముందుగానే చెప్పింది. 1919 మే 29 నాటి గ్రహణంలో కొలిచి చూచినారు. ఓడిపోవడానికి సిద్ధపడిన సిద్ధాంతానికే గెలిచే హక్కు ఉన్నది.

మూడవది: లెక్కలో ఏ భాగాన్నీ మరువరాదు. తనంతట తాను నిరంతరం తిరిగే యంత్రాన్ని గూర్చిన ఆశ ప్రాచీనమైనది. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యులు పాదరసం నింపిన ఆకుల చక్రాన్ని వర్ణించినారు. ఒకవైపు బరువులు ఇరుసుకు దూరంగా ఉంటాయి గనుక చక్రం తిరుగుతూనే ఉండాలని చూపరికి తోస్తుంది. కాని రెండవవైపు ఇరుసుకు దగ్గరగా ఉన్న బరువుల సంఖ్య ఎక్కువ. మొత్తం కూడితే సరిసమానం. ఇటువంటి యంత్రాలను ఇక పరిశీలింపబోమని పారిస్ శాస్త్ర పరిషత్తు 1775లో తీర్మానించింది. అది అహంకారం కాదు. వచ్చినవన్నీ ఒకే తప్పును వేర్వేరు వేషాలలో చూపినందువలన కలిగిన అనుభవం.

నాలుగవది: ఇతరుల చేతిలో కూడా ఫలితం నిలవాలి. 2011లో ఇటలీలోని ఒపేరా బృందం, 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలు కాంతికంటె 60 నానోసెకండ్లు ముందుగా చేరినట్లు కొలిచింది. వారు విజయభేరి మ్రోగించలేదు. మా తప్పును వెదకండని లోకాన్ని కోరినారు. 2012 నాటికి సరిగా బిగించని ఒక తంతువు కారణమని తేలింది. వారు పొరబడినారు, కాని శాస్త్రధర్మం తప్పలేదు.

ముగింపు

"గెలీలియోను కూడా లోకం నిందించింది కదా" అని తిరస్కృతులైనవారు తరచుగా అంటారు. నిజమే. కాని నిందింపబడిన ప్రతివాడూ గెలీలియో కాడు. గెలీలియో తన దూరదర్శినిని ఇతరుల కంటికి కూడా అందించినాడు. గురుగ్రహ చంద్రులను ఎవరైనా చూడవచ్చునన్నాడు. నింద గొప్పతనానికి సాక్ష్యం కాదు, సాక్ష్యమే సాక్ష్యం.

సుమారు వేయి సంవత్సరాల క్రిందట బస్రా నగరంలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ టాలెమీ గ్రంథాలపై తన సందేహాలను ఒక పుస్తకంగా వ్రాసినాడు. సత్యాన్వేషి పూర్వుల వ్రాతలను ప్రశ్నించాలి, అదే సమయంలో తన బుద్ధిని కూడా అనుమానించాలి అని ఆయన ఉపదేశం. ఈ ఉపదేశంలో మొదటి సగం అందరికీ ఇష్టమే. రెండవ సగమే కష్టం.

కనుక నోటుపుస్తకం తెచ్చిన విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పవలసిన మాట ఇది: "కూర్చో నాయనా. నీ సిద్ధాంతం ప్రకారం బుధుని కక్ష్య శతాబ్దానికి ఎంత జరుగుతుంది? రేపు లెక్కకట్టి తీసుకొనిరా." లెక్క కుదిరితే లోకం వింటుంది. కుదరకపోతే ఆ విద్యార్థి ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేనంత భౌతికశాస్త్రం నేర్చుకొంటాడు. రెండు విధాలా లాభమే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వారానికి ఒక గంట మన విద్యార్థులు తమ సందేహాలను, ఊహలను నిర్భయంగా చెప్పి, తోటివారిచేత తప్పులు పట్టించుకొనే అవకాశం కల్పింపగోరుతున్నాను. దానికి విలువైన పరికరాలు అవసరం లేదు. నల్లబల్ల, సుద్దముక్క, వినే ఓపిక చాలు. ఢాకా నుండి బోస్ పంపినది కూడా కొన్ని కాగితాలే గదా!