పాలలోని సీసమా? సీసాలోని సీసమా?



వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. పరీక్షలు మన సంఘాల్లో నిత్యం జరిగేవే. ఆ నమూనాలకు శుభ్రమైన గాజు సీసా చాలు. కాని పాలలో సీసం వంటి లోహాలున్నాయా అని చూసే పరీక్ష వేరు. అందులో నమూనా సీసా కూడా ఫలితాన్ని మార్చగలదు.

అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం కిలో పాలలో సీసం 0.02 మిల్లీగ్రాములు మించరాదు. అనగా 100 గ్రాముల నమూనాలో 2 మైక్రోగ్రాములు. గ్రాములో అయిదు లక్షలవ వంతు! ఇంత కొద్ది సీసం చిటికెడు ధూళినుంచి కూడా రావచ్చు.

కొన్నేళ్ల క్రిందట నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఇదే జరిగింది. సీసం ఎక్కువుందని రిపోర్టు రాగా మూడు రోజులు ఆ ఊరి పాలు ఆపారు. రైతులు ఒకరినొకరు అనుమానించుకున్నారు. విచారిస్తే, పాత రంగు పెచ్చులు రాలుతున్న కిటికీ గట్టుమీద సీసా మూత బోర్లించి పెట్టారని తెలిసింది. పాత రంగుల్లో సీసం ఉండేది. జాగ్రత్తగా తీసిన రెండో నమూనాలో దోషం కనబడలేదు.

శాస్త్రజ్ఞులకూ ఈ చిక్కు తప్పలేదు. 1956లో భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని తేల్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు క్లెయిర్ పాటర్సన్, తన ప్రయోగశాల గాలిలో, పాత్రల్లో, ఆమ్లాల్లో ఉన్న సీసంతో ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

గాజు తనలోని లోహాలను కొద్దికొద్దిగా ద్రవంలోకి వదులుతుంది. ద్రవంలోని లోహాలను తన గోడకు పట్టి ఉంచుకుంటుంది కూడా. అందుకే ఇటువంటి పరీక్షలకు టెఫ్లాన్ జాతి పాత్రలు వాడతారు. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న పదార్థమిది. ఇందులో కార్బన్ గొలుసును ఫ్లోరిన్ తొడుగులా కప్పి ఉంచుతుంది. కనుక ఆమ్లాలు దీన్ని తినలేవు, ఏదీ సులభంగా అంటదు. సుమారు 260 డిగ్రీల సెంటీగ్రేడు వేడివరకు తట్టుకుంటుంది. పాలను నత్రికామ్లంతో వేడిచేసి కరిగించడానికి ఇది అనుకూలం.

అయితే కొత్త టెఫ్లాన్ సీసానైనా ఆమ్లంలో నానబెట్టి, అతిశుద్ధ జలంతో కడిగిన తరువాతే వాడాలి. ఫ్లోరిన్ గల పి.ఎఫ్.ఎ.ఎస్. రసాయనాలను వెతికే పరీక్షకు మాత్రం టెఫ్లాన్ సీసా, మూత పనికిరావు. అక్కడ దానివల్లనే ఫలితం తప్పవచ్చు.

సంఘాలు పాటించవలసినవి:

1. ప్రయోగశాల పంపిన సీసానే వాడాలి. దానిని బోరు నీళ్లతో తొలవరాదు.
2. మూతను చేతిలోనే పట్టుకోవాలి. లోపలి వైపు తాకరాదు.
3. శుద్ధజలంతో వచ్చే ‘బ్లాంకు’ సీసాను నమూనా సీసాతోపాటు అంతసేపే తెరచి, మూసి, తిరిగి పంపాలి.

బ్లాంకులో కూడా సీసం కనబడితే ఆ ఫలితాన్ని నమ్మరాదు; నమూనా మళ్ళీ తీయాలి. బ్లాంకు శుభ్రంగా ఉండి పాలలో సీసం కనబడితే దాణా, నీరు, పాత్రలు వెతకాలి. కాబట్టి రిపోర్టు రాగానే రైతును నిందించక, ముందు బ్లాంకు అంకె ఎంతో అడగండి.

— సహకార ఇన్‌స్పెక్టరు