సర్పంచిని ఏర్పరచుకొనునప్పుడు

పాఠ్యభాగములు: నిర్గమకాండము 18:13–26; న్యాయాధిపతులు 9:1–21; ద్వితీయోపదేశకాండము 16:18–20



పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మన పేటలలో నిద్ర కరవగును. పగలు మైకులు, రాత్రి మంతనములు. పోటీచేయు ఇద్దరును మనకు తెలిసినవారే. ఒకరు మన బంధువు కావచ్చును, మరియొకరు మనకు కూలిపని ఇచ్చు రైతు కావచ్చును. "అయ్యగారూ, ఎవరికి వేయమంటారు?" అని సంఘస్థులు వచ్చి అడుగుదురు. ఈ పాఠములో నేను ఎవరి పేరును చెప్పను. అది కాపరి పని కాదు. ఎట్లు ఏర్పరచుకొనవలెనో వాక్యమునుండి చూపుటయే కాపరి పని.

1. ఏర్పరచుకొనుట మనకు అప్పగింపబడిన పని

మోషే అధిపతులను నియమించునప్పుడు, తగినవారిని చూచుకొనుడని ప్రజలతోనే చెప్పెను (ద్వితీ. 1:13). మన దేశములో 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులో పంచాయతీరాజ్ విధానము ఆరంభమైనది. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశ్‌లోను అమలునకు వచ్చినది. 1989 నుండి 18 ఏండ్లు నిండినవారికెల్ల ఓటు కలదు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలునకు వచ్చినప్పుడు, అయిదేండ్లకొకసారి పంచాయతీ ఎన్నికలు జరుపవలెననియు, స్త్రీలకు స్థానములు కేటాయింపవలెననియు నియమమేర్పడినది. త్రాగునీరు, వీధిదీపములు, మురుగుకాలువలు, శ్మశానపు బాట, ఇవన్నియు ఆ పంచాయతీ చేతిలోనివే. కావున "ఇది లోకసంబంధమైన సంగతి, మనకేల?" అనరాదు. మన బిడ్డలు త్రాగు నీరు మనకు సంబంధించినదే గదా!

2. చూడవలసిన నాలుగు గుర్తులు

సర్పంచి ఎన్నికలో బ్యాలెట్టు కాగితముమీద పార్టీ గుర్తులుండవు. ఏదో ఒక వస్తువు బొమ్మ యుండును. ఆ బొమ్మను చూచుటకు ముందు యిత్రో తన అల్లునికి చెప్పిన నాలుగు గుర్తులను చూడుడి (నిర్గమ. 18:21).

మొదటిది సామర్థ్యము. ఈ మనుష్యుడు, లేక ఈ స్త్రీ, ఇంతకుముందు ఏ పనినైన మొదలుపెట్టి ముగించెనా? రెండవది దైవభయము. ఎవరును చూడనప్పుడు ఇతని నడత ఎట్టిది? మూడవది సత్యము. మన పేటలో చెప్పిన మాటనే పై వీధిలోను చెప్పుచున్నాడా? నాలుగవది లంచమునెడల అసహ్యము. పేదవాని కాగితముమీద సంతకమునకు చేయి చాపిన వాడు రేపు ఊరి సొమ్ముమీద చేయి చాపడా?

స్త్రీకి కేటాయించిన స్థానమైనచో, ఆమెను గూర్చియే ఈ ప్రశ్నలు అడుగుడి. ఆమె పేరిట పెత్తనము చేయబోవువాడు వేరొకడైనచో, వానిని గూర్చియు అడుగుడి.

3. "మనవాడు" అను మాట

అబీమెలెకు షెకెమునకు పోయి తాను వారి రక్తసంబంధినని చెప్పించెను. వారి హృదయము అతని వైపు తిరిగెను. గుడి సొమ్ములోనుండి డెబ్బది వెండి రూకలు తీసి యిచ్చిరి. ఒలీవ, అంజూరము, ద్రాక్ష ఒప్పుకొననందున చెట్లు ముండ్లపొదను రాజుగా పిలిచిన కథను యోతాము అప్పుడే చెప్పెను. మూడేండ్లు గడచిన తరువాత ఆ "మనవాడే" ఆ పట్టణమును పాడుచేసి, గోపురములోనివారిని కాల్చివేసెను. కులము, బంధుత్వము, చివరకు మన సంఘసభ్యత్వము సహా, ఆ నాలుగు గుర్తులకు బదులు కాజాలవు. మోషేకు ఈ మంచి ఆలోచన చెప్పిన యిత్రో మిద్యాను యాజకుడని మరువకుడి.

4. కన్నులు మూయు కానుక

ఓటుకు వెయ్యి రూపాయలు ఇచ్చిరనుకొనుడి. అయిదేండ్లు సుమారు 1,825 దినములు. దినమునకు 55 పైసలు! ఇచ్చుటయు పుచ్చుకొనుటయు చట్టమునుబట్టి నేరమే. లంచము జ్ఞానుల కన్నులకును గుడ్డితనము కలిగించునని ధర్మశాస్త్రము హెచ్చరించుచున్నది. ఇది నేను నా అనుభవమునుండియు ఎరుగుదును.

వెనుకటి యొక ఎన్నికలో ఒక అభ్యర్థి సాయంకాలమున మా యింటికి వచ్చి, ఆలయపు నేలకు సిమెంటు వేయించుకొనుడని కొంత సొమ్ము నా ముందుంచెను. ప్రభువు పనికే గదా అని తీసికొంటిని. ఆదివారమున అతని పేరు చెప్పి వందనములు తెలిపితిని. ఎవరికి ఓటు వేయుడని నేననలేదు. గాని సంఘము గ్రహించెను. మరుసటి ఆదివారమున నాలుగు కుటుంబములు ఆరాధనకు రాలేదు. అతడు గెలిచెను. వేసవిలో మా పేట కుళాయి ఎండిపోగా నేను పంచాయతీ కార్యాలయమునకు వెళ్లితిని. అతడు నవ్వి, "అయ్యగారూ, గుడి నేల చల్లగా ఉన్నదా?" అని అడిగెను. నాకు నోరు రాలేదు.

సంఘపెద్దలయెదుట నా తప్పు ఒప్పుకొంటిని. స్త్రీలు పిడికెడు బియ్యము కూడబెట్టిరి, పురుషులు కూలిలో కొంత ఇచ్చిరి. ఆ సొమ్ము తిరిగి యిచ్చివేసి, నీటినిగూర్చి మరల అడిగితిని. కుళాయి వెంటనే రాలేదు. గాని అడుగుటకు నోరు వచ్చెను. ఆ నాలుగు కుటుంబములలో మూడు తిరిగి వచ్చినవి. నాల్గవదానికొరకు నేటికిని ప్రార్థించుచున్నాను.

5. ప్రమాణము చేసినవారి సంగతి

"డబ్బు తీసికొని బైబిలుమీద చేయివేసితిని, ఇప్పుడేమి చేయవలెను?" అని కొందరు కన్నీళ్లతో అడుగుదురు. హేరోదు ఆలోచింపక ఒట్టు పెట్టుకొని, ఆ ఒట్టు నిమిత్తము యోహాను తల తీయించెను (మార్కు 6:26). ఒట్టు నిలిచెను, పాపము రెండంతలాయెను. తొందరపడి చేసిన ప్రమాణమును ఒప్పుకొనవలెనని లేవీయకాండము 5:4, 5 చెప్పుచున్నది. దేవునియెదుట ఒప్పుకొనుడి, సొమ్ము తిరిగి యిచ్చివేయుడి, మనస్సాక్షి చొప్పున ఓటు వేయుడి. ఓటు రహస్యము. ఎవరికి వేసితిరో చెప్పుమని అడుగు హక్కు ఎవరికిని లేదు, మీ కాపరికిని లేదు.

ఓట్లు లెక్కించిన మరునాడు ఓడినవారి యింటిమీదుగా టపాకాయలు కాల్చకుడి. గెలిచినవారికొరకు ప్రార్థించుడి (1 తిమోతి 2:1, 2). గ్రామసభకు తప్పక వెళ్లి లెక్క అడుగుడి. సమూయేలంతటివాడు, ఎవని యెద్దును తీసికొంటినో చెప్పుడని ప్రజలయెదుట నిలిచెను (1 సమూ. 12:3). మన సర్పంచియు నిలువవలెను. అయితే లెక్క అడుగుటకు మన చేతులు ఖాళీగా నుండవలెను.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరి అభ్యర్థులలో యిత్రో చెప్పిన ఏ గుర్తు మనకు కనబడుచున్నది? ఏది కనబడుటలేదు?
2. సంఘమునకిచ్చు కానుక ఎప్పుడు లంచమగును?
3. ఎన్నికవలన విడిపోయిన ఇరుగుపొరుగువారియొద్దకు ఈ వారము ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: ప్రభువా, మా కన్నులు మూయు ప్రతి కానుకనుండి మమ్మును తప్పించుము. మా ఊరికి నీతిగలవారిని దయచేయుము. ఆమేన్.