పట్టికలో వరుస – ఒక మామిడి పాఠం

కంప్యూటరు తెరమీద పట్టిక చూడనివారు మనలో లేరు. అందులో ఒక వరుసను నొక్కితే రంగు మారుతుంది. ఇంతేగదా అనుకుంటాం. ఆ ఇంతలోనే ఎంత వుందో నాకు నూజివీడు రసాలు నేర్పాయి.

ఇక్కడొక మామిడి కమీషన్ కొట్టుకు నేను జావా స్వింగులో లెక్కల ప్రోగ్రాం వ్రాసిచ్చాను. రైతు పేరు, కాయ రకం, తూకం, ధర – ఒక్కో లోడుకు ఒక్కో వరుస. గుమాస్తా వరుసను ఎంచి "చెల్లించాము" అనే మీట నొక్కాలి.

ఓ రోజు 3 లోడ్లు వరసగా వచ్చాయి: 12, 5, 8 క్వింటాళ్ళు. గుమాస్తా "తూకం" అన్న శీర్షిక నొక్కాడు. తెరమీద 5, 8, 12గా సర్దుకున్నాయి. 5 క్వింటాళ్ళ రైతుకు డబ్బిచ్చి, పైవరుస ఎంచి మీట నొక్కాడు. సాయంత్రం 12 క్వింటాళ్ళ పెద్దాయన వస్తే, "మీకు ఇచ్చేశామండీ" అన్నారు.

"ఎవరికిచ్చారు బాబూ? నా చేతికి రాలేదే!" అన్నాడాయన. చేతివ్రాత చిట్టా వుండబట్టి బ్రతికిపోయాం. తప్పు గుమాస్తాది కాదు, నాది.

కారణం వినండి. సర్దినప్పుడు మారేది తెరమీది వరుస మాత్రమే. లోపలి నమోదు, అంటే మోడల్, కదలదు. లెక్క 0తో మొదలవుతుంది. "గెట్ సెలెక్టెడ్ రో" తెరమీది 0 అని చెప్పింది; నేను దాన్నే నమోదులో 0గా తీసుకున్నాను. అది 12 క్వింటాళ్ళది! బుట్టలను అటూ ఇటూ జరిపినా బుట్టమీది చీటీ మారదు. నేను చీటీ చదవక, బుట్టవున్న చోటు చదివాను.

దీనికి మందు 2006లో వచ్చిన జావా 6 నుంచీ వుంది: "కన్వర్ట్ రో ఇండెక్స్ టు మోడల్". తెర సంఖ్యను నమోదు సంఖ్యగా మారుస్తుంది. ఏ వరుసా ఎంచకపోతే -1 వస్తుంది గనుక ముందు అది చూసుకోవాలి.

ఇంకోటి. జేటేబుల్ మామూలుగా ఎన్ని వరుసలనైనా ఎంచనిస్తుంది. కాని "గెట్ సెలెక్టెడ్ రో" వాటిలో మొదటిదే ఇస్తుంది. చెల్లింపు దగ్గర "సింగిల్ సెలెక్షన్" పెట్టడం క్షేమం. మొత్తం తూకం కూడాలంటే మాత్రం పలు వరుసలు వుండనిచ్చి, "గెట్ సెలెక్టెడ్ రోస్" అని బహువచనంలో అడగాలి. ఆ సంఖ్యలనూ ఒక్కొక్కటిగా మార్చుకోవాల్సిందే.

ఇప్పుడు మీట నొక్కగానే రైతు పేరూ, తూకమూ చూపి "ఈయనకేనా?" అని అడిగేట్టు చేశాను. తెరమీద అది ఒక వరుసే కావచ్చు. దాని వెనుక ఏడాదంతా తోట కాచిన మనిషి వున్నాడు.