పాత గుడ్డపేలికలు

చదువవలసిన భాగములు: యిర్మీయా 38:6–13, మత్తయి 25:36, హెబ్రీయులకు 13:3

యిర్మీయా ప్రవక్తను శత్రువులు త్రాళ్లతో బురదగోతిలోనికి దింపిరి. పైకి తీయుటకును త్రాళ్లు చాలియుండెను. అయినను కూషీయుడైన ఎబెద్మెలెకు రాజగృహములో ఖజానా క్రిందనున్న గదిలోనికి పోయి, పాత గుడ్డపేలికలను ఏరి తెచ్చెను. వాటిని చంకలక్రింద పెట్టుకొని, ఆ పిమ్మట త్రాళ్లు తగిలించుకొమ్మని ప్రవక్తతో చెప్పెను. త్రాడు ఒరసి చర్మము చెదరకూడదని అతని తలంపు. విడుదలకు రాజాజ్ఞ చాలును. పేలికలు వెదకి తెచ్చుటకు కనికరము కావలెను.

1. కనికరము అక్కరను దగ్గరకు వచ్చి చూచును

1813లో ఎలిజబెత్ ఫ్రై అను క్వేకరు స్త్రీ లండనులోని న్యూగేటు చెరసాలకు వెళ్లెను. అక్కడ సుమారు 300 మంది స్త్రీలు బిడ్డలతోకూడ ఇరుకు గదులలో క్రిక్కిరిసి యుండిరి. ఆమె చలికి వణకుచున్న పసిపిల్లలకు వెచ్చని బట్టలు తెచ్చెను. పిమ్మట అచ్చటనే మోకరించి ప్రార్థించెను. ఆ బట్టలు ప్రార్థనకు త్రోవ తీసెను.

2. కనికరము పోయిన గౌరవమును తిరిగి యిచ్చును

1816 చివర ఆమె మరల వచ్చినప్పుడు, పిల్లలకొరకు పాఠశాల పెట్టుదుమా యని తల్లులనే అడిగెను. ఉపాధ్యాయినిని ఖైదీలలోనుండియే యెన్నుకొనిరి. 1817లో ఆమెయు ఆమె స్నేహితురాండ్రును ఒక స్త్రీల సంఘమును ఏర్పరచిరి. నియమములను ఒక్కొక్కటిగా చదివి వినిపించి, ఖైదీలు చేతులెత్తి సమ్మతించిన పిమ్మటనే అమలుపరచిరి. ఆజ్ఞలు మాత్రమే వినుటకు అలవాటుపడిన స్త్రీలను, మీ అభిప్రాయమేమని ఒకరు అడిగిరి! యోసేపును చెరలో తోటి ఖైదీల ముఖములు చిన్నబోయియుండుట గమనించి, కారణమడిగెను (ఆదికాండము 40:6, 7). అడుగువారు లేనిచోట ఆ ప్రశ్నయే ఆదరణ.

3. కనికరము విడిచిపెట్టిన ముక్కలను కూర్చును

ఆ దినములలో శిక్ష పడిన స్త్రీలను ఓడలలో ఆస్ట్రేలియా ఖండమునకు పంపివేయుచుండిరి. ఫ్రై సంఘమువారు ప్రయాణమైపోవు స్త్రీలకు సూదులు, దారము, గుడ్డముక్కలు ఇచ్చుచుండిరి. 1841లో ‘రాజా’ అను ఓడలో వెళ్లిన స్త్రీలు 2,800కు పైగా ముక్కలు కలిపి ఒక బొంత కుట్టి, దానిమీద ఆ సంఘమునకు తమ కృతజ్ఞతను దారముతో వ్రాసిరి. ఆ బొంత నేడు కాన్‌బెరాలోని జాతీయ కళా ప్రదర్శనశాలలో నున్నది. శిక్ష తొలగలేదు, ఓడ వెనుకకు తిరుగలేదు. అయితే నెలల తరబడి సాగిన ఆ సముద్రయానములో వారి చేతులకు పని, మనస్సునకు ఊరట దొరికెను.

నేరము చేసినవారికి సంతోషమెందుకని కొందరు అడుగుదురు. వారివలన నష్టపోయినవారి కన్నీళ్లు నిజమైనవే. వాటిని మరచువాడు న్యాయమును ఎరుగడు. అయితే తన శిక్ష న్యాయమైనదని ఒప్పుకొనిన దొంగకే ప్రభువు పరదైసును వాగ్దానము చేసెను (లూకా 23:41–43). సిలువ న్యాయమును కొట్టివేయదు, మనుష్యుని త్రోసివేయదు. పైగా మన దేశములో 2022 చివరి ప్రభుత్వ లెక్కల ప్రకారము, చెరలోనున్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకను తీర్పు పొందనివారే.

ఈ సేవకు సముద్రము దాటి పోనక్కరలేదు. సూరతు ప్రాంతమునకు నేతపని నిమిత్తము వలస వచ్చిన తెలుగు కుటుంబములు అనేకములు. పల్సానా తాలూకా బట్టల మిల్లులకు పేరుపొందినది. అక్కడ గుడ్డముక్కలకు కొదువయా? సూరతు సమీపమందు లాజ్‌పోర్ కేంద్ర కారాగారమున్నది. హైదరాబాదులో చంచల్‌గూడయందును, రాజమహేంద్రవరమందును స్త్రీల కారాగారములున్నవి. తల్లితోకూడ ఆరేండ్లలోపు బిడ్డ చెరలో నుండవచ్చుననియు, ఆ బిడ్డకు ఆహారము, వైద్యము, చదువు అందవలెననియు మన సుప్రీంకోర్టు 2006లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ప్రతివాదిగానున్న కేసులో తీర్పు చెప్పెను. ఆ బిడ్డ ఏ నేరమును ఎరుగదు.

కావున ప్రియ చదువరీ, మీ స్త్రీల సమాజము కారాగార అధికారుల అనుమతి పొంది వెళ్లునుగాక. ఏమి అవసరమో ముందుగా అడుగుడి. ఫొటోలకొరకు పోవద్దు, ఏమి నేరము చేసితివని ప్రశ్నింపవద్దు. క్రిస్మసునాడు ఒక్కసారి మిఠాయి పంచి మరచిపోక, మరల వత్తుమని చెప్పినయెడల మరల వెళ్లుడి. వారికి దేవుని మాట చదివి వినిపించుటకు అనుమతి యున్నయెడల, వారు వినగోరునంతమట్టుకే చదువుడి. చెరసాలకు వెళ్లలేనివారు, తల్లి చెరలోనుండగా అవ్వ యింట పెరుగుచున్న పిల్లలు తమ వీధిలో నున్నారేమో విచారింపవచ్చును. ఆ యింటికి సంఘములో ఎవరు వెళ్లుచున్నారు?

ధ్యానించుటకు: నేను చేయు సహాయములో త్రాడు మాత్రమే యున్నదా, పేలికలును ఉన్నవా?

ప్రార్థన: ప్రభువా, చెరలోనున్నవారిని చూడ వచ్చుటను నిన్ను చూడ వచ్చినట్లే యెంచుకొనువాడా, మేము మరచిన ముఖములను మాకు జ్ఞాపకము చేయుము. మా చేతిలోనున్న కొద్దిపాటి ముక్కలను వారి ఆదరణకొరకు వాడుకొనుము. ఆమేన్.