మిగిలినవాడి కథ

త్యాగరాయ గానసభలో కథలు వింటూ, నగర కేంద్ర గ్రంథాలయంలో చరిత్ర చదువుతూ చిక్కడపల్లిలోనే ముసలివాణ్ణయ్యాను. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు టీ దగ్గర కూర్చుని సర్వాయి పాపన్న గురించి, అల్లూరి గురించి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. ఒక్కడి పేరుతో ఉన్న పాటలో జట్టును వెతకండి. పాపన్న పాట గురించి జె.ఎ. బాయిల్ 1874లో 'ఇండియన్ యాంటిక్వెరీ'లో రాశాడు. అందులో అతని అనుచరుల పేర్లు చూడండి: హసన్, హుస్సేన్, దూదేకుల పీరు, చాకలి సర్వన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న. కల్లుగీసే ఇంట పుట్టినవాడి వెంట ఇన్ని కులాలు, రెండు మతాలు నడిచాయి. 1708లో వరంగల్ మీద పడ్డాడని బిట్‌గా గుర్తుపెట్టుకుంటే మార్కు వస్తుంది. ఈ పేర్లు తెలిస్తేనే ఆ మనిషి అర్థమవుతాడు.

2. దెబ్బతిన్నవాళ్ల మాటా వినాలి. ఖాఫీఖాన్ మొగలుల పక్షాన చరిత్ర రాసినవాడే. అయినా పాపన్న సొంత సోదరినే దోచాడని, వరంగల్లో ఆడవాళ్లను చెరపట్టాడని రాస్తే, శత్రువు రాత అని పక్కన పడేయకూడదు. పాపన్నంటే నాకు ప్రాణం. అందుకే అదీ చదివాను.

3. ద్రోహి అనే ముందు ఆగండి. షాపూర్ కోటలో పాపన్న తన బావమరిదినే బంధించాడు. పాపన్న భార్య తిండిలో దాచి ఆకురాళ్లు పంపిందని, బందీలు సంకెళ్లు కోసుకుని కోట పట్టుకున్నారని చరిత్ర. 1710లో పాపన్నను చంపారు. ఆమె మొగుడికి ద్రోహం చేసిందా, తోడబుట్టినవాణ్ణి కాపాడుకుందా? నేను మాత్రం ఆమెను తప్పుపట్టలేను.

4. అన్నిటికన్నా ముఖ్యం, బతికి మిగిలినవాణ్ణి వదలకండి. అమెరికాలో టౌన్స్ వాన్ జాంట్ 1972లో 'పాంచో అండ్ లెఫ్టీ' అని ఒక పాట విడుదల చేశాడు. విల్లీ నెల్సన్, మెర్ల్ హ్యాగర్డ్ కలిసి పాడాక 1983లో అక్కడి కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. బందిపోటు పాంచో చచ్చిపోతాడు. నేస్తం లెఫ్టీ దూరపు ఊళ్లో, చలిలో, చవక హోటల్లో ముసలివాడవుతాడు. నేస్తాన్ని అతనే పట్టించాడా అన్నది పాట తేల్చదు. చచ్చినవాడి మీద కన్నా లెఫ్టీ మీదే ఎక్కువ జాలి పుడుతుంది.

మన మన్యంలో అల్లూరికి ఏ మచ్చా లేని నేస్తాలున్నారు, గాం సోదరులు గంటం దొర, మల్లు దొర. అల్లూరి సీతారామరాజును 1924 మే 7న చంపారు. మరుసటి నెలలో గంటం దొర పోయాడు. మల్లు దొర మాత్రం పట్టుబడి, అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు! రాజు లేడు, తోడబుట్టిన గంటం లేడు, తెల్లదొరలూ లేరు. ఆ సభలో కూర్చుని ఎవరిని తలుచుకుని ఉంటాడో! నేను విన్న అల్లూరి కథలన్నీ రాజు నేలకొరిగిన చోటే ఆగిపోయాయి.

5. కథ కట్టేవాళ్లకు ఒక మాట. నాజర్‌కు 1986లో పద్మశ్రీ తెచ్చిన బుర్రకథలో కథకుడు ఒంటరివాడు కాడు. రెండు పక్కలా వంతలుంటారు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ఆ రెండోవాడి నోట మల్లు దొర మాటలు పెట్టండి. అండమాన్ ఓడ దగ్గర మొదలుపెట్టి ఢిల్లీ దాకా నడిపించండి. నారాయణగూడలో రిహార్సల్ పెట్టుకున్నా సరే, నడిచొచ్చి వింటాను.